కొత్త కంప్యూటరు కొనదగునా?

సూర్యాపేట నుండి జనగామకు పోవు మార్గములో తిరుమలగిరి యొక అంగడి ఊరు. 2016 వరకు నల్లగొండ జిల్లాలోను, ఆపై సూర్యాపేట జిల్లాలోను చేరిన ఈ మెట్టసీమలో వ్యవసాయము చిరకాలము బావులను, బోరులను నమ్ముకొని సాగినది. ఇచ్చటి రైతు మోటారు కొనబోవునప్పుడు దుకాణములో నున్నవానిలో మిక్కిలి బలమైన దేదియని అడుగడు. తన బోరులో ఎన్ని అంగుళముల నీరు పడినది, ఎంత లోతున నున్నది, తడుపవలసిన చేనెంత అని లెక్కించి, అందుకు తగినదానిని అడుగును. రెండంగుళముల నీటికి పది గుర్రముల మోటారు బిగించినంత మాత్రమున నీరు పెరుగదు. కొంతసేపు పోసి, పిమ్మట నీరులేక వట్టిగా తిరిగి, మోటారే కాలిపోవును.

ఇంత లెక్క తెలిసిన సీమలోనే కంప్యూటరు కొనవలసి వచ్చినప్పుడు లెక్క తారుమారగుచున్నది. పాఠశాల నిధితో కొన్నను, కాలేజీలో చేరిన కుమారునికై తండ్రి అప్పుచేసి కొన్నను, ‘అన్నిటికంటె శక్తిమంతమైన దేది?’ అన్నదే మొదటి ప్రశ్న యగుచున్నది.

ఈ ప్రశ్న ఇటీవల తీవ్రమగుటకు కారణము లేకపోలేదు. మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ 10కు సాధారణముగా అందించు రక్షణ మార్పులను 2025 అక్టోబరు 14తో ముగించినది. విండోస్ 11కు ఇంటెల్ వారి ఎనిమిదవ తరము ప్రాసెసరు గాని, తత్సమానమైనది గాని కావలెనని నియమము. ఆ తరము వెలువడినది 2017లో. అంతకు పూర్వపు యంత్రములు చక్కగా పనిచేయుచున్నను ఒక్కమారుగా అనర్హములైనవి. ‘ఎట్లును కొనుచున్నారు గదా, మంచిదే కొనుడు’ అని వర్తకుడు అనును. అతని నోట ‘మంచిది’ అను మాట ‘ఖరీదైనది’ అను దానికి పర్యాయపదము.

బలమన నేమో మొదట తెలియవలెను. ప్రాసెసరు వ్రాయు చేయి వంటిది. ర్యామ్ ఎదుట నున్న బల్ల వంటిది. డిస్కు గ్రంథములు దాచిన బీరువా. గ్రాఫిక్సు కార్డు ఒకే తీరు లెక్కలను ఒక్కమారు చేయగల వేలకొలది గుమాస్తాల సమూహము. పని మందగించినప్పుడు ఈ నాలుగింటిలో ఏది చాలుట లేదో కనుగొనకుండ నాలుగింటిని మార్చుట, ఒక్క పెంకు పగిలినదని ఇల్లంతయు విప్పుట వంటిది.

1969లో మానవుని చంద్రునిపై దింపిన అపోలో నౌకలోని కంప్యూటరునకు చెరపి వ్రాయదగిన స్మృతి 2,048 పదములు మాత్రమే. ఆ సంవత్సరమే హైదరాబాదులో డాక్టరు ఎ.ఎస్. రావుగారి నాయకత్వమున నడచిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ టి.డి.సి.-12 అను కంప్యూటరును వెలువరించినది. నేటి విద్యార్థి చేతిలోని సెల్ ఫోను ముందు ఆ రెండును అల్పములే. అయినను వానికి అప్పగించిన పని ముందుగా నిర్ణయమై యుండెను; ఆ పనికి అవి చాలినవి.

నేటి పాఠశాలలో కంప్యూటరు చేయవలసిన పని ఎంత? తెలుగు వ్రాతనే తీసికొందము. యూనికోడులో ఒక్కొక్క తెలుగు చిహ్నము సాధారణముగా మూడు బైట్ల చోటు తీసికొనును. కవిత్రయ భారతము పదునెనిమిది పర్వములను అక్షరరూపమున నిలిపినను కొన్ని పదుల మెగాబైట్లకు మించదు. ఎనిమిది గిగాబైట్ల ర్యామ్ అనగా ఎనిమిది వేల మెగాబైట్లు. మహాభారతము నంతటిని ఒక్కసారి పరచినను ఆ బల్లపై నూరవవంతు నిండదు. ప్రశ్నపత్రములు కూర్చుటకు, మార్కుల పట్టికలు వేయుటకు లక్షల రూపాయల యంత్రమును తెచ్చుట పిచ్చుకపై బ్రహ్మాస్త్రమే.

మరి పాత యంత్రము మేలుకొనుటకే నాలుగైదు నిమిషములేల పట్టుచున్నది? తరచుగా దోషము చేతిది కాదు, బీరువాది. పళ్ళెములు తిరుగు హార్డు డిస్కు స్థానమున ఎస్.ఎస్.డి. అమర్చి, నాలుగు గిగాబైట్ల ర్యామును ఎనిమిదికి పెంచినచో, కొన్ని వేల రూపాయల వ్యయముతోనే ఆ యంత్రము చురుకుగా కదలును. కృత్రిమ మేధ కేంద్రముల గిరాకి వలన 2025 చివరి నెలలలో ర్యామ్ ధరలు పెరిగినవి గనుక, అక్కరకు మించి దానిని కొనుట మరింత నష్టము. విండోస్ 11కు తగని యంత్రములకు లినక్సు వంటి ఉచిత మార్గము కలదు. కేరళలోని ప్రభుత్వ పాఠశాలలు చిరకాలముగా స్వేచ్ఛా సాఫ్టువేరుతోనే పాఠములు నడుపుచున్నవి.

యంత్రబలమునకు అందని ఆలస్యములును కలవు. 2025 జూలై 14న కొత్త రేషను కార్డుల పంపిణీని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి తిరుమలగిరిలోనే ప్రారంభించిరి. ఆ కార్డుల దరఖాస్తులకై అంతకుముందు రాష్ట్రమంతటను మీసేవ కేంద్రముల యెదుట జనము బారులు తీరిరి. అట్టి కేంద్రములోని కంప్యూటరు కేవలము ఒక కిటికీ. దరఖాస్తును స్వీకరించునది ఎక్కడో యున్న సర్వరు. నడుమ నున్నది నెట్టు. సర్వరు నిలిచినప్పుడు కిటికీకి బంగారు రెక్కలు తొడిగినను వరుస కదలదు.

డి.టి.పి. దుకాణముల సంగతియు ఇట్టిదే. తెలుగు కూర్పులో పేజ్‌మేకరు నేటికిని కనిపించును. దాని ఏడవ రూపము 2001లో వచ్చినది, ఎనిమిదవది రాలేదు. పాత పద్ధతి ఫాంటులో కూర్చిన తెలుగు, ఆ ఫాంటు లేని మరియొక యంత్రములో అర్థము లేని గుర్తులుగా మారును. ఎంత గొప్ప ప్రాసెసరైనను ఆ చిక్కును విప్పదు. యూనికోడులో తెలుగునకు 1991లోనే స్థానము లభించినది. అందు కూర్చుట నేర్చిన ఉపాధ్యాయుని ప్రశ్నపత్రము ఏ యంత్రములోనైనను చదువదగి యుండును. అందుకు కావలసినది పైకము కాదు, కొన్నిదినముల అభ్యాసము.

ఇంతమాత్రమున బలమైన యంత్రము ఎవ్వరికిని వలదనుట సరికాదు. ఒక గంట 4కె దృశ్యమును సెల్ ఫోనుతో చిత్రించినచో అది పది గిగాబైట్లు, ఒక్కొక్కప్పుడు అంతకు రెండింతలు కావచ్చును. అట్టి దృశ్యములను నిత్యము కూర్చువానికి, కట్టడముల నమూనాలు గీయు ఇంజనీరింగు విద్యార్థికి, కృత్రిమ మేధా నమూనాలను తన యింటనే నడిపి పరిశోధించువానికి బలము విలాసము కాదు. కాలమును మిగిల్చు పనిముట్టు. వారు రోజునకు రెండు గంటలు మిగిల్చుకొందురేని, ఏడాదిలోనే యంత్రము వెల గిట్టవచ్చును.

అయితే కొన్న వెలతో ఖర్చు తీరదు. ఎన్‌విడియా సంస్థ 2025 జనవరిలో వెలువరించిన ఆర్.టి.ఎక్స్. 5090 గ్రాఫిక్సు కార్డొక్కటే పూర్తి పనిలో 575 వాట్లు త్రాగును. దాని వెలయే రెండు లక్షలకు పైబడినది. బల్ల క్రింద నుండు సాధారణమైన 600 వి.ఎ. యు.పి.ఎస్. ఆ భారమును మోయలేదు. కార్యాలయములోని మామూలు కంప్యూటరు తెరతో కూడ నూరు వాట్లకు లోపలనే సరిపెట్టుకొనును. ఏనుగును కొన్నవాడు గ్రాసమును కూడ లెక్కించుకొనవలెను.

ఇక పాఠశాల లెక్క వేరు. రెండున్నర లక్షలతో ఒక మహాయంత్రము కొనవచ్చును. నలుబది వేల చొప్పున ఆరు సామాన్యయంత్రములును కొనవచ్చును. తరగతిలో నలుబదిమంది పిల్లలు, పీరియడు నలుబది నిమిషములు అనుకొందము. యంత్రమొక్కటే యైనచో ఒక్కొక్కరి చేతికి కీబోర్డు దక్కునది ఒక్క నిమిషము. ఆరైనచో ఆరు నిమిషములు. అదనపు యంత్రబలము ఆ ఒక్క నిమిషమును ఒకటిన్నర చేయలేదు. బల్ల చుట్టు మూగినప్పుడు ముందుకు తోసికొని రాలేని పిల్లలకు, వారిలోను వెనుక నిలిచిపోవు బాలికలకు, ఆ నిమిషమును దక్కదు. ఇందు నష్టపడునది ధనము మాత్రమే కాదు.

ఒక యంత్రమును పలువురు పంచుకొను మార్గమును మన రాష్ట్రమున చూచినదే. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 5,000 ప్రభుత్వ పాఠశాలలకై ఒకే కంప్యూటరునకు పలు తెరలు, పలు కీబోర్డులు తగిలించు పద్ధతిని ఎన్నుకొనిరి. అందు యంత్రబలము పంపకమై సార్థకమగును. కాని ఆ ఒక్కటి చెడినచో అన్ని తెరలును ఒక్కసారి చీకటి యగును. బాగుచేయువాడు దగ్గరలేని ఊరిలో ఈ సంగతి మరువరాదు.

కావున కొనదలచినవారు ముందుగా ఉన్న యంత్రమును ఒక వారము పరీక్షింపవలెను. విండోసులో టాస్క్ మేనేజరును తెరచినచో, పని మందగించిన వేళ ప్రాసెసరు, ర్యామ్, డిస్కు, నెట్టు వీనిలో ఏది నిండియున్నదో అంకెలతో కనబడును. డిస్కు నిండుగా శ్రమపడుచున్నచో దానినే మార్చవలెను. ర్యామ్ చాలనిచో పెంచవలెను. నెట్టు మందమైనచో ఏమి కొన్నను ఫలము లేదు. ప్రాసెసరు గంటల తరబడి నూటికి నూరు పాళ్ళు తిరుగుచు, మనిషి చేతులు కట్టుకొని కూర్చున్నచో అప్పుడు బలమైనది కొనవలెను. అట్టి చోట లోభించుటయు తప్పే. ‘రాబోవు పదేండ్లకు పనికివచ్చును’ అను మాటను మాత్రము నమ్మరాదు. ఈనాటి మహాయంత్రము కొన్ని యేండ్లకు సామాన్యమగును. వాడని బలము బీరువాలో నున్నను ముసలిదగును.

విద్యార్థికి ఈ లెక్క గణితపాఠమువలె చేయించిన ఉపాధ్యాయుడు, కంప్యూటరు కొనకమునుపే కంప్యూటరు విద్యలో మొదటి పాఠము చెప్పినవాడగును. ఆ పిదప మిగిలిన ధనముతో మరియొక కీబోర్డు ముందు మరియొక బాలికను కూర్చుండబెట్టగలిగినచో, ఆ పాఠశాల కొన్నది మంచి యంత్రమే.