ప్రాణమున్న సరుకు, రాత్రి ప్రయాణం

జగిత్యాల నుంచి కోరుట్ల మీదుగా నిజామాబాద్ వెళ్లే రోడ్డు మీద మామిడి, పసుపు, మక్కల లారీలు మనకు కొత్త కాదు. దారిలో గంట ఆలస్యమైతే కిరాయిలో కోత పడవచ్చు, అంతకు మించి నష్టం లేదు. కానీ ఎండలో గంటసేపు ఆగితే వేల ప్రాణాలు పోయే సరుకు ఒకటుంది. అదే తేనెటీగల పెట్టెలు.

ఈ పెట్టెలను లారీకెక్కించడం దేనికని అడగవచ్చు. ఒక పంట పూత మూడు నాలుగు వారాలకు మించి ఉండదు. పూత అయిపోతే ఈగలకు మేత లేదు. అందుకే పెంపకందారులు పువ్వు ఉన్న చోటికి పెట్టెలను తీసుకుపోతారు. చలికాలంలో రాజస్థాన్ ఆవ చేలు, మార్చిలో బీహార్‌లోని ముజఫర్‌పూర్ లీచీ తోటలు, ఏప్రిల్‌లో హిమాచల్ ఆపిల్ తోటలు, ఇలా సాగుతుంది వారి ఏడాది. అమెరికాలోని కాలిఫోర్నియాలో బాదం తోటల పూత కోసం ప్రతి ఫిబ్రవరిలో 20 లక్షలకు పైగా పెట్టెలు లారీల మీద చేరుకుంటాయి.

మన కొండల్లో, పెద్ద చెట్లకు కనిపించే పెద్ద తేనెటీగ పెట్టెలో ఇమడదు. రుతువు మారితే అది తుట్టెను విడిచి తానే ఎగిరిపోతుంది. లారీల మీద తిరిగేది ఎక్కువగా ఇటాలియన్ తేనెటీగ. 1962లో కాంగ్రా లోయలోని నగ్రోటాలో దీన్ని మన దేశంలో విజయవంతంగా నిలబెట్టారు. తొర్రల్లో ఉండే దేశవాళీ ఈగను కూడా పెట్టెల్లో పెంచుతారు గానీ 1990ల తొలినాళ్లలో పిల్లపురుగులను చంపే వైరస్ తెగులు సోకి దక్షిణాదిన ఆ పెంపకం బాగా దెబ్బతిన్నది.

పెట్టెలను తరలించే పని ఎంతో ఓర్పుతో కూడుకున్నది. పగలు ఈగలు మేతకు వెళ్లి ఉంటాయి గనుక పొద్దుగూకి అన్నీ ఇల్లు చేరేవరకు ఆగాలి. ఆ తర్వాతే గేటు మూయాలి. ప్రయాణానికి ముందే పండిన తేనె తీసేయాలి. లేకుంటే కుదుపులకు బరువైన తుట్టెలు తెగిపడతాయి. పెట్టెలోని చట్రాలు లారీ పొడవు వెంబడే ఉండాలి. అడ్డంగా ఉంటే బ్రేకు వేసినప్పుడల్లా ఒకదానికొకటి తగిలి మధ్యలోని ఈగలు నలిగిపోతాయి. గాలి ఆడేందుకు పైన వలమూత వేసి, పెట్టెలను తాళ్లతో బిగించి కట్టాలి.

అసలు శత్రువు వేడి. పిల్లలున్న తుట్టె దగ్గర వేడిమి 34, 35 డిగ్రీలకు దాటకుండా ఈగలు రెక్కలతో విసురుతూ కాపాడుకుంటాయి. పెట్టె మూసి ఉండి గాలి ఆడకపోతే అవి కలవరపడతాయి. ఆ కలవరంతో వేడి ఇంకా పెరుగుతుంది. చివరకు మైనం మెత్తబడి తుట్టె కూలుతుంది, ఈగలు తమ తేనెలోనే మునిగి చస్తాయి. అందుకే ప్రయాణం రాత్రే సాగాలి. బండి కదులుతున్నంతసేపు గాలి తగులుతుంది. చాయ్ కోసమని ఎండలో నిలిపితే ఆ గాలి ఆగిపోతుంది. దారిలో తెల్లవారితే నీడ చూసి నీళ్లు చిలకరించాలి. దించే చోటు పాత చోటికి మూడు నాలుగు కిలోమీటర్ల కంటే దగ్గరగా ఉంటే ఈగలు పాత గుర్తుల వెంట అక్కడికే తిరిగిపోతాయి.

మన పట్టణాల్లో స్టీరింగు పట్టి కుటుంబాలను పోషించుకునే సోదరులు ఎందరో ఉన్నారు. వారొక మాట గుర్తుంచుకోవాలి. పెట్టెల యజమాని అప్పగించింది అమానత్. నోరులేని జీవి వేళకు చేరడమే ఆ అమానత్‌ను నిలబెట్టుకోవడం. దివ్య ఖుర్ఆన్‌లోని 16వ సూరాకు తేనెటీగ పేరే ఉంది, నహ్ల్. కొండల్లో, చెట్లలో, మనుషులు కట్టిన వాటిలో ఇళ్లు కట్టుకోమని దైవం దానికి తెలిపినట్టు అందులో ఉంది. తేనెటీగను చంపవద్దని ప్రవక్త (స) వారించినట్టు అబూదావూద్ హదీసు గ్రంథం చెబుతుంది.

రైతు సోదరుల బాధ్యత కూడా చిన్నది కాదు. యాసంగిలో జగిత్యాల ప్రాంతంలో నువ్వులు పూస్తాయి. పొలాసలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం నువ్వుల రకాలపై ఎంతో కృషి చేసింది. పొద్దుతిరుగుడు పువ్వు మీద ఈగ వాలకపోతే గింజల్లో తాలు ఎక్కువవుతుంది. అంటే ఈగ వల్ల లాభం ముందు చేనుకే. కానీ మామిడి పూత మీద తేనెమంచు పురుగుకని పట్టపగలు మందు కొడితే పక్క చేలోని పెట్టెలు కూడా ఖాళీ అవుతాయి. సిరిసిల్ల వైపు పత్తి చేలకూ ఇదే మాట వర్తిస్తుంది. పూత సమయంలో మందు మానుకోవడం మంచిది. తప్పదనుకుంటే పొద్దుగూకాక కొట్టాలి, పెట్టెల వారికి ఒకరోజు ముందు కబురు పెట్టాలి.

గల్ఫ్ నుంచి తిరిగివచ్చి ఏదో ఒక పని మొదలుపెట్టాలనుకునే యువకులకు ఇది యోచించదగిన వృత్తి. ఖాదీ కమిషన్ 2017లో హనీ మిషన్ ప్రారంభించింది. కేంద్ర ప్రభుత్వం 2020లో జాతీయ తేనెటీగల పెంపక మిషన్‌కు 500 కోట్ల రూపాయలు ప్రకటించింది. అయితే గల్ఫ్‌లో కూడబెట్టిన సొమ్మునంతా ఒక్కసారే పెట్టెల్లో పోయడం వివేకం కాదు. పది పెట్టెలతో ఒక ఏడాది ఇంటి దగ్గర నేర్చుకోవాలి, ఆ తర్వాతే లారీ మాట్లాడుకోవాలి. మరో కష్టం బజారులో ఉంది. తేనెలో చక్కెర పాకం కలుపుతున్నారని 2020 డిసెంబరులో ఢిల్లీలోని సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కేంద్రం పరీక్షలు జరిపించి వెల్లడించింది. పాకం చౌకగా అమ్ముడైతే నిజమైన తేనె తీసినవాడికి లారీ కిరాయి కూడా గిట్టదు.

కాబట్టి తేనె కొనేటప్పుడు ధర ఒక్కటే చూడకండి. ఏ పువ్వు తేనె, ఎక్కడ తీశారు అని అడగండి. పెట్టెలు మోసినవాడు ఈ ప్రశ్నకు తడబడకుండా జవాబిస్తాడు.