సెప్టిక్ ట్యాంకు సంరక్షణ

భూగర్భ మురుగుకాలువలు లేని మన పట్టణములందును, పల్లెలందును మరుగుదొడ్డి నుండి వెడలు నీరు చాల యిండ్లలో పెరటిలో పాతిన సెప్టిక్ ట్యాంకునకు చేరును. అయినను సింహద్వారపు దిక్కును గూర్చి పదిమందిని సంప్రదించు గృహస్థుడు, దీనిని మాత్రము తాపీమేస్త్రీ ఇష్టమునకు విడిచిపెట్టుట చూడగా నాకు బాధ కలుగును.

ఆ ట్యాంకులో జరుగునది ఒక విధమగు జీర్ణక్రియ. లోనికి వచ్చిన నీరు ఒకటి రెండు దినములు నిశ్చలముగా నిలిచినపుడు బరువైన పదార్థము మడ్డియై అడుగున దిగును. కొవ్వు పైకి తేలి తెట్టె కట్టును. నడుమనున్న నీరు రెండవ అరలోనికి, అందుండి వెలుపలికి సాగును. ప్రాణవాయువు చొరని ఆ చీకటిలో అసంఖ్యాక సూక్ష్మజీవులు మడ్డిని కొంతకొంతగా కరగించి, మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ మొదలగు వాయువులుగా మార్చుచుండును. గాలిగొట్టమును ఇంటికప్పుకంటె ఎత్తుగా నిలుపుట వీనికొరకే. మరుగుదొడ్డిలో విచ్చలవిడిగా యాసిడ్ పోయువారు ఆ జీవులనే చంపుచున్నారు. వాడిన నూనె, గుడ్డపేలికలు, శానిటరీ ప్యాడ్లు, వాననీరు సైతము లోనికి పోరాదు.

వెలువడు నీరు తేటగా కనబడినను రోగక్రిములను వీడదు. దానిని వీథికాలువలోనికి వదలుట మన యూళ్లలో సాధారణమైపోయినది. మన రోగములను పొరుగువాని గుమ్మము ముందు పారించుట ధర్మమా? ఇంకుడుగుంతలోనికి పంపి, నేలచేత వడగట్టింపవలెను. ఆ గుంతకును మంచినీటి బావికిని నడుమ కనీసము 18 మీటర్ల ఎడము వలయునని భారతీయ ప్రమాణములు చెప్పుచున్నవి.

“పదేండ్లయినను మా ట్యాంకు నిండలేదు” అని సంతోషించువారు కలరు. ట్యాంకు సదా నీటితో నిండియే యుండును, పెరుగునది మడ్డి. అది పెరిగినకొలది నీరు నిలుచుకాలము తగ్గి, తేరని మలము ఇంకుడుగుంతకు పోయి మట్టిరంధ్రములను పూడ్చును. కావున రెండు మూడేండ్లకొకసారి యంత్రముతో మడ్డిని తోడింపవలెను.

యంత్రముతో అనుటను నొక్కి చెప్పుచున్నాను. హైడ్రోజన్ సల్ఫైడ్ గాఢమైనపుడు ముక్కునకు వాసన తెలియు శక్తియే నశించును. దిగినవాడు క్షణములలో కూలును, అతనిని రక్షింప దిగినవాడును కూలును. రక్షణసామగ్రి లేక మనిషిని దింపుటను 2013 నాటి చట్టము నేరముగా నిషేధించినది; 2023లో సుప్రీంకోర్టు ఇట్టి మరణములకు పరిహారమును 10 లక్షల నుండి 30 లక్షల రూపాయలకు పెంచినది. అయినను కూలి తక్కువయని మనిషిని పిలుచు గృహస్థులు నేటికిని కలరు.

మడ్డిని తోడు లారీ వచ్చినపుడు ఒక ప్రశ్న యడుగుడు: తోడినదానిని ఎక్కడ పోయుదురని. శుద్ధికేంద్రము పేరు చెప్పక, ఊరిబయటి చెరువునో వాగునో చూపువానికి పని యీయకుడు.