చేపపిల్ల ఆడో మగో తేల్చేదెవరు?

మదురై వండియూరు కమ్మాయిలో గానీ, కోయంబత్తూరు ఉక్కడం పెద్దచెరువులో గానీ వల వేస్తే జిలేబీ చేపలు పడతాయి. నాయకుల కాలంలో మన పెద్దలు ఈ సీమకు వచ్చినప్పుడు ఆ చేప ఇక్కడ లేదు. అది ఆఫ్రికా జాతి, పేరు తిలాపియా. మన దేశానికి 1952లో తెచ్చారు.

దీన్ని పెంచే రైతుకు ఒక చిక్కుంది. ఆడచేప చిన్న వయసులోనే గుడ్లు పెట్టి, వాటిని నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. చూస్తుండగానే గుంట పిల్లలతో నిండిపోతుంది. మేత చాలదు, ఏ చేపా బరువెక్కదు. మగచేప మాత్రం త్వరగా ఎదుగుతుంది. అందుకని అన్నీ మగవే ఉంటే బాగుండునని రైతు కోరిక.

పసిపిల్లలకు మగ హార్మోను కలిపిన మేత మూడు నాలుగు వారాలు పెడితే ఆ కోరిక తీరుతుంది. కానీ హార్మోను మాట వింటే వండుకునే ఇల్లాలు వెనకాడుతుంది. ఆమె అనుమానాన్ని తోసిపుచ్చలేం. మరో దారి ఉందా?

మనుషుల్లో మాదిరే ఈ చేపలోనూ ఎక్స్ క్రోమోజోములు రెండుంటే ఆడది, ఒక ఎక్స్, ఒక వై ఉంటే మగది. అయితే పెద్ద తేడా ఒకటుంది. మన వై క్రోమోజోము కోట్ల ఏళ్లుగా జన్యువులను పోగొట్టుకుంటూ ఎక్స్‌లో మూడోవంతుకు కుదించుకుపోయింది. ఎక్స్ లేనిదే మనిషి పిండం నిలవదు. చాలా చేపల్లో వై వయసులో చిన్నది, ఇంకా అరిగిపోలేదు. సూక్ష్మదర్శినిలో చూసినా రెంటికీ తేడా కనపడదు. కాబట్టి రెండు వైలున్న చేప కూడా హాయిగా బతుకుతుంది!

దీన్ని ఆసరా చేసుకున్నవారిలో మదురై కామరాజ్ విశ్వవిద్యాలయం వారున్నారు. అక్కడ వరదరాజ్, ఆచార్య టి.జె. పాండ్యన్ మగపిల్లలను హార్మోనుతో ఆడవిగా మార్చారు. అలాంటి చేప పెట్టే గుడ్డులో ఎక్స్ అయినా ఉంటుంది, వై అయినా ఉంటుంది. తండ్రి వాటా కలవకుండా గుడ్డులోని క్రోమోజోములనే రెట్టింపు చేస్తే, వై ఉన్న గుడ్డులోంచి రెండు వైల మగచేప వస్తుంది. ఈ సంగతిని 1989లో ప్రకటించారు. దానికి మామూలు ఆడచేపను జతచేస్తే, తండ్రి ఇచ్చేది వై ఒక్కటే గనుక, పిల్లలన్నీ మగవే కావాలి. హార్మోను తగిలింది నాయనమ్మకు గానీ, మన పళ్లెంలోని చేపకు కాదు.

ఇక్కడ అన్ని చేపలకూ ఒకే లెక్క అనుకోకండి. తిలాపియాల్లోనే కొన్ని జాతుల్లో కోళ్లలో లాగా తల్లి క్రోమోజోమే నిర్ణయిస్తుంది. జపాను మెదకా చేపలో మగతనాన్నిచ్చే జన్యువు 2002లో దొరికింది. దాని దగ్గరి చుట్టాల్లోనే కొన్నిటిలో ఆ పని వేరే జన్యువు చేస్తుంది. ఫుగు చేపలోనైతే జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడా చాలునని 2012లో తేలింది.

నీటి వేడి కూడా చెయ్యి పెడుతుంది. నైలు తిలాపియా పిల్లలను 36 డిగ్రీల నీళ్లలో పెంచితే, ఆడవి కావలసినవి కొన్ని మగవవుతాయి. మిగతా క్రోమోజోముల్లోని జన్యువుల ప్రభావమూ ఉంది. అందువల్లే రెండు వైల తండ్రికి పుట్టినవాటిలోనూ అప్పుడప్పుడు నాలుగు ఆడపిల్లలు కనబడతాయి. గుంట మళ్లీ నిండడానికి ఆ నాలుగే చాలు.