మన ఊరి చరిత్రకు సాక్షులెవరు?

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి జీవితంపై 2019లో వచ్చిన ‘సైరా’ చిత్రాన్ని టీవీలో చూసిన మర్నాడు, ఆళ్లగడ్డలోని మా మద్రసాలో ఒక విద్యార్థి ఇలా అడిగాడు: “హజ్రత్! నరసింహారెడ్డి మన ప్రాంతం వారే కదా. ఆ రోజుల్లో ఇక్కడి ముస్లిములు ఏం చేస్తున్నారు?”

ప్రశ్న చిన్నదే. జవాబు కోసం మేము పుస్తకాలు తిరగవేయవలసి వచ్చింది. మన ఊరి గాథలను మన ఇళ్లలో చెప్పుకోవడం ఎప్పుడో మానివేశామని అప్పుడు గ్రహించాము.

పెరటిలో దొరికిన చరిత్ర

బ్రిటన్‌లో టీవీ ఈ బాధ్యతను మరో విధంగా నిర్వహించింది. 2010లో బి.బి.సి. ప్రసారం చేసిన ధారావాహికలో చరిత్రకారుడు మైకేల్ ఉడ్ ఇంగ్లండు చరిత్రనంతా కిబ్‌వర్త్ అనే ఒక చిన్న ఊరి నుండి చెప్పారు. ఊరివారే తమ పెరళ్లలో గుంతలు తవ్వి కుండపెంకులు వెలికితీశారు. ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కాలేజీ శతాబ్దాలుగా భద్రపరచిన పత్రాలలో ఆ ఊరి రైతుల పేర్లు బయటపడ్డాయి. మరుసటి ఏడాది నికొలస్ క్రేన్ లడ్లో, స్కార్‌బరో, పెర్త్, టాట్నెస్ పట్టణాల కథలు చెప్పారు. రాజుల యుద్ధాలకే పరిమితం కాకుండా సామాన్యుల బ్రతుకును చరిత్రగా గౌరవించడం మెచ్చదగిన పద్ధతి.

అయితే ఊరి కథ పొలిమేర వద్దనే ఆగితే సత్యం సగమే తెలుస్తుంది. మన నంద్యాల, ఆళ్లగడ్డ పొలాలకు నీరిచ్చే కె.సి. కాలువనే చూడండి. 1863-70 మధ్య దానిని తవ్వించినది మద్రాసు ఇరిగేషన్ కంపెనీ. ఇంగ్లండులో సమీకరించిన పది లక్షల పౌండ్ల పెట్టుబడిపై, లాభం వచ్చినా రాకున్నా, ఐదు శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. ఆ భారమంతా ఈ దేశపు ఖజానాదే. కాలువ లాభించలేదు, చివరకు 1882లో ప్రభుత్వమే కొనవలసి వచ్చింది. అక్కడి పట్టణాల కలిమిని చూపించే కథలో ఇక్కడి రైతు కట్టిన శిస్తుకు కూడా చోటుండాలి కదా!

రెండు ఘటనలు

1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించినప్పుడు కోయిలకుంట్ల కంపెనీ వశమైంది. పక్కనే ఉన్న నంద్యాల, సిరివెళ్ల ప్రాంతాలు మాత్రం 1839 వరకు కర్నూలు నవాబు ఏలుబడిలో ఉన్నాయి. ఆ ఏడాది, రహస్యంగా ఆయుధాలు పోగుచేశారన్న అభియోగంపై నవాబు గులాం రసూల్ ఖాన్‌ను కంపెనీ గద్దె దింపింది. తిరుచిరాపల్లికి తరలించగా, 1840లో ఆయన అక్కడే హత్యకు గురయ్యారు. తరువాత కొన్నేళ్లకే, 1847 ఫిబ్రవరి 22న, కోయిలకుంట్లలో నరసింహారెడ్డిని ఉరితీశారు. ఇరుగుపొరుగు సీమలలో, ఒకే పాలకుల చేతిలో జరిగిన ఘటనలివి. ఒకటి తెరకెక్కింది. రెండవది మన పిల్లల చెవిన కూడా పడలేదు.

సనదు లేని మాట

అలాగని నవాబును మచ్చలేని వీరునిగా చిత్రించాలని మేము కోరడం లేదు. ఆయన పాలన సవ్యంగా లేదని కంపెనీ వారి రాతలు చెబుతాయి. ఆ రాతలు రాసినది అభియోగం మోపినవారే గనుక వాటినీ పరిశీలించాలి. మన పెద్దల పొగడ్తలనూ పరిశీలించాలి. ఎందుకంటే స్వయంగా మనకే వ్యతిరేకమైనా సరే న్యాయానికి సాక్షులుగా నిలబడమని దివ్యఖుర్ఆన్ ఆదేశిస్తుంది. విన్నదల్లా విచారించకుండా చెప్పివేయడమే మనిషి అబద్ధీకుడు కావడానికి చాలునని దైవప్రవక్త (స) హెచ్చరించారు. అందుకే హదీసువేత్తలు ప్రతి ఉల్లేఖనానికీ సనదు అడిగారు: ఎవరు చెప్పారు? ఎవరి నుండి విన్నారు? ఆ వ్యక్తి నమ్మదగినవాడేనా? టీవీ ముందు కూర్చున్నప్పుడు కూడా మన పిల్లలు ఈ మూడు ప్రశ్నలు వేయగలగాలి.

కనుక సోదర సోదరీమణులారా! మీ ఇంటి పెద్దలను వారి బాల్యం గురించి అడిగి, చెప్పినవారి పేరుతో సహా రాసిపెట్టండి. మసీదు గోడల మీది శాసనాలను, సమాధి రాళ్లను, పెట్టెల అడుగున నలుగుతున్న వక్ఫ్ కాగితాలను, సనదులను చెదలు పట్టకముందే ఫోటో తీయండి. ఇరుగుపొరుగు హిందూ సోదరుల జ్ఞాపకాలనూ చేర్చుకోండి, ఊరు అందరిదీ.

మా విద్యార్థికి ఇప్పుడొక నోటుపుస్తకం ఇచ్చాము. మొదటి సాక్ష్యం వాళ్ల నానమ్మది.