తుపాకీ: కారణం ఎవరు చెప్పాలి?

"అమెరికాలో పాల ప్యాకెట్ కొన్నట్టు తుపాకీ కొనుక్కోవచ్చంట!" హాస్టల్లో ఎమ్మెస్ కబుర్లు మొదలైతే ఎవరో ఒకరు ఈ మాట అనకుండా ఉండరు. పక్కనుంచి ఇంకొకరు "మన దగ్గర ఎమ్మెల్యేలకీ సినిమా హీరోలకీ తప్ప లైసెన్సే ఇవ్వరు" అంటారు. రెండు మాటల్లోనూ కొంచెం నిజం ఉంది, చాలా అతిశయం ఉంది.

ఈ విషయం మనకి ఎందుకు అంటారా? మన బ్యాచ్‌లో సగం మంది పాస్‌పోర్టులు రెడీగా పెట్టుకుని కూర్చున్నారు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేత్‌లో తెలుగు ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఒక బార్‌లో కాల్చి చంపిన వార్త ఎన్ని తెలుగు ఇళ్లలో భయం పుట్టించిందో మనకి తెలుసు. భయపడటం వేరు, చట్టం తెలుసుకోవడం వేరు. వెళ్లబోయే చోట తుపాకీ చట్టం ఎలా ఉంటుందో, అందులో మన స్థానం ఏమిటో ఈ వ్యాసంలో చూద్దాం.

ముందుగా ఒక చిన్న లెక్క. ఏ దేశం తుపాకీ చట్టాన్ని చూసినా మూడు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి. ఒకటి, తుపాకీ కొని ఇంట్లో పెట్టుకోవచ్చా? రెండు, దాన్ని వెంట పెట్టుకుని బయట తిరగొచ్చా? మూడు, ఏ రకం తుపాకీ? చాలామంది ఈ మూడింటినీ కలిపేసి "ఆ దేశంలో గన్స్ ఓకే, ఈ దేశంలో బ్యాన్" అని తేల్చేస్తారు. ఈ మూడింటి వెనకా ఇంకో అసలు ప్రశ్న ఉంది. కారణం ఎవరు చెప్పాలి? "నాకు తుపాకీ ఎందుకు కావాలంటే..." అని పౌరుడు చెప్పుకోవాలా, "నీకు ఎందుకు ఇవ్వకూడదంటే..." అని ప్రభుత్వం చెప్పాలా? దేశాల మధ్య తేడా అంతా ఇక్కడే మొదలవుతుంది.

మన దగ్గర: అడిగి తెచ్చుకోవాలి

మన చట్టం కథ 1878లో మొదలైంది. వైస్రాయ్ లిట్టన్ కాలంలో వచ్చిన ఆయుధాల చట్టం ప్రకారం భారతీయులకి లైసెన్సు కావాలి, యూరోపియన్లకి మాత్రం మినహాయింపు. ఈ వివక్ష మీద జాతీయోద్యమంలో ఎంత కోపం ఉండేదంటే, 1931 నాటి కాంగ్రెస్ కరాచీ తీర్మానంలో, ప్రాథమిక హక్కుల జాబితాలో, నిబంధనలకు లోబడి ఆయుధాలు కలిగి ఉండే హక్కు కూడా చేరింది. 1948లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హక్కుని రాజ్యాంగంలో పెట్టాలని సవరణ తెచ్చారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు, సవరణ వీగిపోయింది. అలా స్వతంత్ర భారతంలో తుపాకీ హక్కు కాకుండా అనుమతిగానే మిగిలిపోయింది.

ఇప్పుడు నడుస్తున్నది 1959 ఆయుధాల చట్టం, 2016 నియమాలు. దరఖాస్తు జిల్లా మేజిస్ట్రేట్‌కి, అంటే మన కలెక్టర్‌కి పెట్టుకోవాలి. హైదరాబాద్ లాంటి కమిషనరేట్లలో పోలీస్ కమిషనర్‌కి. మామూలుగా 21 ఏళ్లు నిండాలి. పోలీసులు ఎంక్వయిరీ చేసి రిపోర్టు ఇస్తారు. ప్రాణహాని, పంట రక్షణ, షూటింగ్ క్రీడ లాంటి కారణం ఏదో ఒకటి మనమే చూపించాలి. కారణం నచ్చకపోతే కాదనే అధికారం వాళ్లకి ఉంది. 2019 సవరణ ఒక మనిషి దగ్గర ఉండగల తుపాకుల సంఖ్యని 3 నుంచి 2కి తగ్గించింది, లైసెన్సు గడువుని 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకి పెంచింది. పెళ్లి బరాత్‌లో సరదాగా గాల్లోకి కాల్చి ఎవరి ప్రాణాలకైనా ముప్పు తెస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని కూడా అదే సవరణలో రాశారు.

ఒకే దేశంలో ఒకే చట్టం అనుకుంటాం కానీ, మన పక్క రాష్ట్రంలోనే ఒక మినహాయింపు ఉంది. కర్ణాటకలోని కొడగులో కొడవ సముదాయం వాళ్లకీ, జమ్మా భూమి ఉన్నవాళ్లకీ కొన్ని రకాల తుపాకులకి లైసెన్సు అక్కర్లేదు. బ్రిటిష్ కాలం నుంచి వస్తున్న ఈ వెసులుబాటుని కేంద్రం 2019లో మరో పదేళ్లు పొడిగించింది.

"ఆత్మరక్షణ" అంటే చెల్లని చోట్లు

మన దేశంలో ప్రాణహాని అన్నది ఒప్పుకునే కారణం. నిరూపించుకోవాలి, అంతే. బ్రిటన్, ఆస్ట్రేలియా, జపాన్‌లలో మామూలు పౌరుడికి ఆ దారే లేదు.

బ్రిటన్‌లో 1996 మార్చిలో స్కాట్లండ్‌లోని డన్‌బ్లేన్ బడిలో ఒకడు 16 మంది పిల్లల్నీ వాళ్ల టీచర్నీ కాల్చి చంపాడు. మరుసటి ఏడాది గ్రేట్ బ్రిటన్‌లో చేతి తుపాకులని దాదాపు పూర్తిగా నిషేధించారు. వేటకీ పొలం పనికీ షాట్‌గన్, రైఫిల్ సర్టిఫికెట్లు ఇప్పటికీ ఇస్తారు. రైఫిల్ కావాలంటే తగిన కారణం చూపించాలి, "నా రక్షణ కోసం" అంటే మాత్రం అది చాలదు.

డన్‌బ్లేన్ తర్వాత నెలన్నరకే ఆస్ట్రేలియాలోని పోర్ట్ ఆర్థర్‌లో ఒకే వ్యక్తి చేతిలో 35 మంది చనిపోయారు. 12 రోజుల్లోనే దేశంలోని ప్రభుత్వాలన్నీ కూర్చుని జాతీయ తుపాకుల ఒప్పందానికి వచ్చాయి. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ల మీద కఠినమైన ఆంక్షలు పెట్టి, ప్రభుత్వం డబ్బిచ్చి సుమారు 6.5 లక్షల తుపాకుల్ని వెనక్కి తీసుకుని ధ్వంసం చేసింది. అక్కడా ఆత్మరక్షణ కారణం కాదు.

జపాన్‌ది ఇంకో స్థాయి. 1958 చట్టం ప్రకారం సామాన్యుడికి పిస్టల్ అన్న మాటే లేదు. షాట్‌గన్ కావాలంటే క్లాసుకి వెళ్లాలి, రాత పరీక్ష రాయాలి, రేంజ్‌లో కాల్చి చూపించాలి, డాక్టర్ సర్టిఫికెట్ తేవాలి, పోలీసుల విచారణకి నిలబడాలి. తుపాకీ ఒకచోట, తూటాలు ఇంకోచోట తాళం వేసి పెట్టాలి. ఏటా పోలీసులు తనిఖీ చేస్తారు. రైఫిల్ కావాలంటే మామూలుగా పదేళ్లు షాట్‌గన్ లైసెన్సుతో ఉండాలి. మన ల్యాబ్ ఎక్స్‌టర్నల్ వైవా దీని ముందు ఏ మూలకి? అంత చేసినా, 2022 జులైలో మాజీ ప్రధాని షింజో అబేని ఒకడు ఇంట్లో తయారుచేసిన తుపాకీతో కాల్చాడు. చట్టం ప్రమాదాన్ని బాగా తగ్గిస్తుంది కానీ పూర్తిగా తుడిచెయ్యలేదు.

ఇల్లు వేరు, వీధి వేరు

మొదట్లో చెప్పిన మూడు ప్రశ్నలు ఎందుకు విడివిడిగా అడగాలో స్విట్జర్లాండ్ చూస్తే అర్థమవుతుంది. అక్కడ సైనిక సేవలో ఉన్న పౌరులు తమ సర్వీసు రైఫిల్‌ని ఇంట్లోనే ఉంచుకోవచ్చు. అది విని "స్విస్ వాళ్లందరూ గన్‌తో తిరుగుతారు" అనుకుంటే పొరపాటే. లోడ్ చేసిన తుపాకీని వీధిలో వెంట పెట్టుకోవడానికి వేరే పర్మిట్ కావాలి. ఫలానా ప్రమాదం ఉందని చూపించి, పరీక్ష కూడా పాసవ్వాలి. పైగా 2007 నుంచి సర్వీసు తూటాల్ని ఇళ్లలో ఉంచే పద్ధతి ఆపేశారు. తుపాకీ ఇంట్లో, తూటాలు డిపోలో అన్నమాట.

అమెరికా: కారణం ప్రభుత్వమే చెప్పాలి

ఇక అసలు చోటికి వద్దాం. 1791లో వచ్చిన రెండో సవరణ ఆయుధాలు కలిగి ఉండటాన్ని రాజ్యాంగ హక్కు చేసింది. 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు అది వ్యక్తిగత హక్కే అనీ, ఆత్మరక్షణకి ఇంట్లో చేతి తుపాకీ ఉంచుకోవచ్చనీ చెప్పింది. అప్పటి న్యూయార్క్ చట్టం ప్రకారం తుపాకీ వెంట పెట్టుకోవాలంటే ప్రత్యేకమైన కారణం చూపించాలి, కొంతవరకు మన పద్ధతిలాగే. 2022లో బ్రూయెన్ కేసులో ఆ నిబంధనని కోర్టు కొట్టేసింది. హక్కు వాడుకోవడానికి పౌరుడు కారణం చెప్పనక్కర్లేదు, ఆపాలంటే ప్రభుత్వమే సమర్థించుకోవాలి అన్నది దాని సారాంశం.

అలాగని అంతా ఒకే తీరు కాదు. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి 21 ఏళ్లు నిండి, చట్టపరంగా అనర్హత లేనివాళ్లు పర్మిట్ లేకుండానే చేతి తుపాకీతో తిరగొచ్చు. ఇప్పుడు సగానికి పైగా రాష్ట్రాలది ఇదే దారి. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో 2016 ఆగస్టు 1 నుంచి లైసెన్సు ఉన్నవాళ్లు పైకి కనపడకుండా తుపాకీ తీసుకురావచ్చు. అక్కడ షాపుల గుమ్మాల మీద 30.06, 30.07 అంకెలున్న బోర్డులు కనిపిస్తే కంగారుపడకండి. లోపలికి తుపాకీ తేవద్దని చెప్పే చట్టం సెక్షన్ల నంబర్లు అవి. కాలిఫోర్నియాలో అయితే కొన్న తుపాకీ చేతికి రావడానికి 10 రోజులు ఆగాలి. న్యూజెర్సీలో కొనడానికి గుర్తింపు కార్డు, పైగా ఒక్కో చేతి తుపాకీకి విడిగా పర్మిట్. ఇల్లినాయిస్‌లో తుపాకీ ఉండాలంటేనే ఫాయిడ్ అనే కార్డు కావాలి.

ఇంకో చిక్కు, ఒక రాష్ట్రం డ్రైవింగ్ లైసెన్సు దేశమంతా చెల్లుతుంది కానీ తుపాకీ లైసెన్సు చెల్లదు. 2013లో పెన్సిల్వేనియా లైసెన్సు ఉన్న ఒక మహిళని న్యూజెర్సీలో ట్రాఫిక్ పోలీసు ఆపితే, కారులో తుపాకీ ఉందని ఆమే చెప్పింది. కేసు పెట్టారు. చివరికి 2015లో గవర్నర్ క్షమాభిక్ష ఇస్తే గానీ ఆ గొడవ తీరలేదు. నది దాటితే చట్టం మారిపోయింది!

మరి ఎఫ్-1 వీసా వాళ్ల సంగతి?

ఇప్పటిదాకా చదివినది ఒకెత్తు, ఇది ఒకెత్తు. ఎఫ్-1, హెచ్-1బి లాంటివి వలసేతర వీసాలు. ఈ వీసాల మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టమే చెబుతోంది. రాష్ట్రం ఏదైనా సరే. టెక్సస్‌లో పర్మిట్ అక్కర్లేదన్న మాట మనకి వర్తించదు. లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర కొనేటప్పుడు నింపే ఫారంలోనే "మీరు వలసేతర వీసా మీద వచ్చారా?" అనే ప్రశ్న ఉంటుంది. 2022 సవరణ తర్వాత శిక్ష 15 ఏళ్ల వరకు పడొచ్చు. తుపాకీ నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అది కూడా ఒక కారణం. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు.

"కొనం కదా, రేంజ్‌లో అద్దెకి తీసుకుని నాలుగు రౌండ్లు కాలుస్తాం, ఒక రీల్ పెడతాం" అంటారేమో. చట్టం అడిగేది యాజమాన్యం గురించి కాదు, చేతిలో ఉండటం గురించి. ఫ్లోరిడాలో ఒక యూనివర్సిటీకి విద్యార్థి వీసా మీద వచ్చిన రెహాయిఫ్ అనే కుర్రాడు చదువులో ఫెయిలై డిస్మిస్ అయ్యాడు. స్టేటస్ పోతుందని యూనివర్సిటీ మెయిల్ పంపింది. అతను దేశంలోనే ఉండిపోయాడు. ఒకరోజు షూటింగ్ రేంజ్‌కి వెళ్లి రెండు తుపాకులు కాల్చాడు. కేసు పెట్టారు, 18 నెలల జైలు పడింది. 2019లో సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో ఆ తీర్పుని పక్కనపెట్టింది. తుపాకీ చేతిలో ఉందని తెలియడమే కాదు, తాను నిషేధిత వర్గంలో ఉన్నానని అతనికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలంది.

ఇది విని ఊపిరి పీల్చుకోకండి. కోర్టు అడిగింది "నీ స్టేటస్ నీకు తెలుసా" అని, "ఈ చట్టం నీకు తెలుసా" అని కాదు. ఐ-20 తీసుకుని, కాన్సులేట్‌లో క్యూ కట్టి, వీసా స్టాంప్ వేయించుకున్న మనలో ఎవరు "నేను ఎఫ్-1 మీద ఉన్నానని నాకు తెలియదు" అనగలరు?

ఒక మినహాయింపు ఉన్న మాట నిజమే. రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్సు చెల్లుబాటులో ఉంటే ఈ నిషేధం వర్తించదు. చాలామంది "ఆన్‌లైన్‌లో తీసేసుకో మామా" అని సలహా ఇచ్చేది అందుకే. కానీ గడువు, స్టేటస్, రాష్ట్ర నిబంధనలు, యూనివర్సిటీ రూల్స్ అన్నీ సరిపోవాలి. ఒక్కటి తప్పినా నష్టపోయేది రూమ్మేట్ కాదు, మీరు. అడగాలనుకుంటే లాయర్ని అడగండి. రూమ్మేట్‌కి తుపాకీ ఉంటే అది అతని గదిలో, అతని తాళంలోనే ఉండేలా ముందే మాట్లాడుకోండి. మీ అదుపులో ఉందని తేలితే మీ దగ్గర ఉన్నట్టే లెక్క కావచ్చు.

హక్కుగా ఇచ్చిన దేశంలో కూడా ఆ హక్కు ఎవరికి అన్నది చట్టమే గీసిన గీత. పౌరుడికి కారణం అడగని అమెరికా, వీసా మీద వెళ్లిన మనకి ముందే వద్దని చెప్పేసింది. టికెట్ బుక్ చేసుకునే ముందు వెదర్ చూసుకుంటాం, రెంట్ చూసుకుంటాం, ఇండియన్ స్టోర్ ఎంత దూరమో చూసుకుంటాం. ఆ లిస్టులో ఈ ఒక్క లైను కూడా రాసుకోండి.