గాలి తినే తుప్పు

పిల్లలూ, ఇనుము గాలిని తింటుందంటే మీరు నమ్ముతారా? మా పినపాక బడిలో ఏటా వానాకాలంలో నేను ఎనిమిదో తరగతి పిల్లలచేత ఒక ప్రయోగం చేయించేవాణ్ణి. ముందు అది చెబుతాను. మీరూ చేసి చూడండి.

కమ్మరి కొలిమి దగ్గరకు వెళ్ళి, ఆకురాయితో రాసినప్పుడు రాలిన ఇనపరజను గుప్పెడు అడిగి తెచ్చుకోండి. (గిన్నెలు తోమే మెరుపు పీచు తెచ్చుకొనేరు! అది తుప్పు పట్టని రకం. ఒక ఏడు మా పిల్లలు అదే తెచ్చి, నెలరోజులు వూరికే కాచుకు కూర్చున్నారు.) పొడుగాటి గాజుగ్లాసు లోపల తడిచేసి రజను చల్లితే గోడలకు అంటుకొంటుంది. నీళ్ళు పోసిన పళ్ళెంలో ఆ గ్లాసును బోర్లించి, నీరు ఎంతవరకు వున్నదో గుర్తుగా బయట దారం కట్టండి. రోజులు గడిచేకొద్దీ రజను ఎర్రబడుతుంది, నీరు దారాన్ని దాటి మెల్లమెల్లగా పైకెక్కుతుంది. గ్లాసులో దాదాపు అయిదోవంతు నిండి, అక్కడితో ఆగిపోతుంది.

నీరు ఎక్కిందంటే లోపల చోటు ఖాళీ అయిందన్నమాట. అక్కడ వున్నదేమిటి? గాలి. గాలిలో నూటికి 21 పాళ్ళు ప్రాణవాయువు, 78 పాళ్ళు నత్రజని. ఇనుము ప్రాణవాయువుతో కలిసి తుప్పు అయింది, నత్రజని జోలికి పోలేదు. గ్లాసు మూతిని అట్టముక్కతో మూసి, తిప్పి నిలబెట్టి, మండే పుల్లను లోపల పెట్టండి. టక్కున ఆరిపోతుంది.

నిజానికి తుప్పు పట్టడమంటే ఇనుము తన పుట్టింటికి పోవటమే. బయ్యారం ఇనపరాయి సంగతి విన్నారు గదా? (మా పినపాక పక్కన వున్న ఏడూళ్ళ బయ్యారం కాదు, గార్ల దగ్గరి బయ్యారం.) ఆ రాయి కూడా ఇనుమూ ప్రాణవాయువూ కలిసినదే. కొలిమిలో ఎంతో వేడిపెట్టి విడదీస్తే ఇనుము వస్తుంది. ఏమరితే అది మళ్ళీ ప్రాణవాయువును వెతుక్కొంటుంది.

ఇక అసలు కథకు వస్తాను. 2019 సెప్టెంబరు 15 న పాపికొండలకు వెళ్ళే పడవ ఒకటి కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిపోయింది. ఎంతోమంది చనిపోయారు. అక్టోబరు 22 న గాని పడవ బయటికి రాలేదు. దాన్ని తియ్యటానికి సాయంగా విశాఖపట్నం నుంచి నీటిలో దిగేవారు వచ్చారు. మాదీ గోదావరి ఒడ్డే గనక బడిలో రోజూ అదే మాట. "సార్, నీళ్ళ అడుగున వాళ్ళకు గాలి ఎట్లా అందుతుంది?" అని ఒక పిల్ల అడిగింది. వీపున సిలిండరు కట్టుకొంటారని చెప్పానే గాని, అంతకుమించి నాకూ తెలియదు.

తరవాత ఒకసారి విశాఖపట్నం వెళ్ళాను. మా పాత విద్యార్థి ఒకడు అక్కడ ఈ సిలిండర్లు బాగుచేసే పనిలో వున్నాడు. ఆ పిల్ల ప్రశ్న అతనికి అప్పజెప్పాను.

ఫ్రాన్సు దేశంలో జాక్ కూస్తో, ఎమీల్ గాన్యాన్ అనే ఇద్దరు 1943 లో ఒక పరికరం తయారుచేశారు. మనిషి పీల్చినప్పుడు మాత్రమే, పీల్చటానికి వీలైన ఒత్తిడిలో సిలిండరు నుంచి గాలిని వదలటం దాని పని. ఇప్పటికీ పద్ధతి అదే. సిలిండరులో పట్టేది మామూలుగా 12 లీటర్ల నీరు. కాని గాలిని 200 రెట్లు అణిచి పెడతారు గనక, 2400 లీటర్ల గాలి అందులో వుంటుంది. కారు చక్రంలో వుండే ఒత్తిడికి ఇది సుమారు వందరెట్లు! దాన్ని ఆపే ఉక్కుగోడ మందం కొద్ది మిల్లీమీటర్లే.

"మీ గ్లాసు ప్రయోగమే సార్ ఇది," అన్నాడు మావాడు. "గ్లాసు బదులు సిలిండరు, అంతే."

లోపల చెంచాడు ఉప్పునీరు చేరిందనుకోండి. గాలిని పూర్తిగా ఖాళీచేసి మూత తెరిచి వుంచితే చేరవచ్చు. గాలి నింపే యంత్రంలో తడి వున్నా, మూత మీద నీటిబొట్టు తుడవకపోయినా చేరవచ్చు. పైగా అణిచిన గాలిలో ప్రాణవాయువు కూడా 200 రెట్లు దట్టంగా వుంటుంది. తుప్పుకు విందు భోజనం దొరికినట్టే. గోడ తరుగుతుంది, పీల్చే గాలీ చెడుతుంది.

ఎవరో రెండేళ్ళు మూలపడేసిన సిలిండరు ఒకటి అతని దగ్గరకు వచ్చిందట. ఒత్తిడి చూపే ముల్లు ఇంచుమించు నిండుగానే చూపింది. ప్రాణవాయువును కొలిస్తే, 21 వుండవలసినది 16 దగ్గర ఆగింది. లోపల గాలి ఎంత వున్నదో ముల్లు చెబుతుంది గాని, ఎటువంటి గాలి వున్నదో చెప్పదు.

ఇంకా తక్కువైతే? ఇక్కడే వున్నది ప్రమాదం. మనం ఊపిరి బిగపడితే ఉక్కిరిబిక్కిరి అవుతాం గదా? అది ప్రాణవాయువు తగ్గినందుకు కాదు, ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పెరిగినందుకు. ప్రాణవాయువు లేని గాలిని పీల్చి వదులుతూ వుంటే బొగ్గుపులుసు వాయువు బయటికి పోతూనే వుంటుంది. అందువల్ల ఏ బాధా తెలియదు. మనిషి వున్నట్టుండి స్పృహ తప్పుతాడు. నీళ్ళలో అయితే ఇక చెప్పేదేమున్నది? మా పక్క మణుగూరులో గనిపనివారి పిల్లలకు ఈ సంగతి కొత్త కాదు. మూసేసిన పాత సొరంగాల్లో బొగ్గు కూడా ప్రాణవాయువును ఇలాగే లాగేస్తుంది.

అందుకని సిలిండరును ఏడాదికొకసారి విప్పి చూస్తారు. మావాడు నా ఎదుటే ఒకటి విప్పాడు. ముందు గాలినంతా మెల్లగా వదిలేశాడు. కొంచెం మిగిలి వున్నా, విప్పేటప్పుడు మూత తుపాకిగుండులా ఎగురుతుంది. తరవాత కొయ్యసుత్తితో తట్టాడు. సంతలో కుండ కొనేటప్పుడు మొట్టి చూస్తాం చూడండి, అలాగ! ఆ సిలిండరు గుడిగంటలా ఖంగుమన్నది. పక్కనున్న ఇంకొకటి తడితే బద్దుగా పలికింది. "దీనికి లోపల జబ్బు వున్నది సార్," అన్నాడు. దాన్ని బోర్లిస్తే ఎర్రటి పొడి రాలింది.

సన్నని దీపాన్ని లోపలికి దించి, పుల్లకు కట్టిన చిన్న అద్దంతో మూలమూలా చూశాడు. పలచని ఎర్రపొరకు అంత భయపడనక్కరలేదట. గుంటలు పడితేనే కష్టం. గుంట చిన్నదే అయినా లోతుకు పోతుంది, అక్కడ గోడ బలహీనమవుతుంది. గుంటలు వరసగా వున్నా, మరీ లోతుగా వున్నా ఆ సిలిండరును మళ్ళీ ఎవరూ నింపకుండా పాడుచేసి పారెయ్యవలసిందే. ఖరీదైన వస్తువని జాలిపడటానికి లేదు.

పొర మాత్రమే వుంటే, గట్టి రాతిబిళ్ళల వంటివి లోపల పోసి గంటల తరబడి దొర్లిస్తారు. మన ఆడవాళ్ళు సీసాలో ఇసుక వేసి గిలకరించి కడిగినట్టే! కడిగాక వెంటనే వేడిగాలితో ఆరబెట్టాలి. ఆలస్యమైతే కళ్ళముందే మళ్ళీ ఎర్రబారుతుంది.

ఇదిగాక చాలా దేశాల్లో అయిదేళ్ళకొకసారి బలపరీక్ష వున్నది. మామూలు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి, ఎంత ఉబ్బిందో, ఒత్తిడి తీశాక మళ్ళీ మామూలుగా అయిందో లేదో కొలుస్తారు. ఈ పరీక్ష గాలితో కాదు, నీటితో చేస్తారు. గాలి అణిగి వుండి, సిలిండరు పగిలితే బాంబులా పేలుతుంది. నీరు దాదాపు అణగదు గనక కాస్త చిమ్మి వూరుకుంటుంది.

పని అయ్యాక మావాడు కొద్దిగా పొడిగాలి నింపి సిలిండరును నిలువుగా పెట్టాడు. "పడుకోబెడితే పోలా?" అన్నాను. పొరపాటున తడి మిగిలితే అది అడుగుకు చేరాలి, అడుగున ఉక్కు మందంగా వుంటుందిట. పడుకోబెడితే పలచని గోడను తింటుంది.

పినపాక వచ్చి ఇదంతా చెబితే, ఆ పిల్ల ఇంకో ప్రశ్న వేసింది: "తుప్పుపట్టని సత్తుతో చెయ్యగూడదా సార్?" చేస్తున్నారు. సత్తు, అంటే అల్యూమినియం కూడా ప్రాణవాయువుతో కలుస్తుంది. కాని మొదట ఏర్పడిన పలచని పొర గట్టిగా అతుక్కొని లోపలిదాన్ని కాపాడుతుంది. ఇనపతుప్పు పెళుసై రాలిపోతుంది గనక లోపలి ఇనుము మళ్ళీ బయటపడుతుంది. అయితే సత్తు ఉక్కంత బలమైనది కాదు, గోడ బాగా మందంగా పెట్టాలి. ఉప్పునీరు చేరితే దానికీ తెల్లటి బూజులాంటిది పడుతుంది. ఏడాదికొకసారి దాన్నీ విప్పి చూడవలసిందే.