సైబర్ కేసులో మీ పేరు వస్తే... ఉచిత లాయర్‌ను పొందడం ఎలా?

ఆన్‌లైన్‌లో డబ్బు పోతే 1930కి ఫోన్ చేయాలని ఇప్పుడు ఊళ్లో చాలామందికి తెలుసు. మరి ఎవరికో పోయిన డబ్బు మీ ఖాతాలోకి వచ్చిందంటూ పోలీసులు మీకే నోటీసు ఇస్తే? అప్పుడు చేయాల్సిన నంబర్ 15100. ఇది జాతీయ న్యాయ సేవాధికార సంస్థ హెల్ప్‌లైన్. డబ్బు పోయినవాళ్లకే కాదు, నిందితుడిగా పేరు ఎక్కినవాళ్లకు కూడా ప్రభుత్వ ఖర్చుతో లాయర్‌ను ఇస్తారు. ఈ రెండో సంగతి తెలియకే కొందరు పొలం తాకట్టు పెట్టి ఫీజులు కడుతున్నారు.

మనవాళ్లు ఎలా ఇరుక్కుంటున్నారు?

సైబర్ నేరం అనగానే కంప్యూటర్ చదువు చదివినవాళ్లు చేసే పని అనుకుంటాం. కానీ మోసగాళ్లకు ముందుగా కావాల్సింది వేరేవాళ్ల పేరు మీద ఉన్న బ్యాంకు ఖాతా, సిమ్. "నీ పాస్‌బుక్, ఏటీఎం కార్డు నెల రోజులు ఇవ్వు, 5 వేలు ఇస్తా" అని తెలిసిన కుర్రాడే అడుగుతాడు. లోన్ ఇప్పిస్తామని, ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగమని కూడా అడుగుతారు. ఖాతా ఇచ్చేస్తాం. ఎక్కడో ఢిల్లీలోనో పుణేలోనో ఒకరిని మోసం చేసిన డబ్బు అందులో పడి, గంటలో వేరే ఖాతాకు వెళ్లిపోతుంది. ఫిర్యాదు వచ్చాక పోలీసులకు దొరికే మొదటి పేరు మీదే. వీటినే మ్యూల్ అకౌంట్లు అంటున్నారు.

దీంతో మీ ఖాతా ఫ్రీజ్ అవుతుంది. పీఎం కిసాన్ డబ్బు, ఉపాధి హామీ కూలి పడేది అదే ఖాతా అయితే అవి కూడా తీసుకోలేరు. కేసు కన్నా ముందు ఈ దెబ్బే తెలుస్తుంది.

వచ్చింది నిజమైన నోటీసేనా?

ముందు ఇది తేల్చుకోండి. వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని "మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం, కదలొద్దు, డబ్బు పంపండి" అంటే అది నూటికి నూరు పాళ్లు మోసం. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో లేదు. ఫోన్ పెట్టేసి 1930కి చెప్పండి.

అసలు నోటీసు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 35(3) కింద వస్తుంది. విచారణకు ఫలానా రోజు రమ్మని అందులో ఉంటుంది. ఈ నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. అలాగని వాట్సాప్‌లో వచ్చినదాన్ని చూసి ఊరుకోవద్దు. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో చూపించి నిజమో కాదో కనుక్కోండి. నోటీసు నిజమైతే తప్పకుండా వెళ్లాలి. పిలిచినప్పుడల్లా వెళ్లి సహకరిస్తే, అరెస్టు ఎందుకు అవసరమో కారణాలు రాయకుండా పోలీసులు మిమ్మల్ని అరెస్టు చేయకూడదు. వెళ్లకుండా తప్పించుకుంటే ఆ రక్షణ పోతుంది.

ఉచిత లాయర్‌కు ఎవరు అర్హులు?

1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ఈ సంగతి చెబుతుంది. మహిళలు, పిల్లలు, ఎస్సీలు, ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లు అర్హులు. వీళ్లకు ఆదాయంతో పని లేదు. డ్వాక్రా అక్క అయినా, ఉద్యోగం చేసే మహిళ అయినా ఒకటే. మిగతావాళ్లకు రాష్ట్రం పెట్టిన ఆదాయ పరిమితి ఉంటుంది. ఆదాయ ధ్రువపత్రం చేతిలో లేదని ఆగిపోకండి, మీ ఆదాయం గురించి మీరిచ్చే అఫిడవిట్‌ను అంగీకరించవచ్చని అదే చట్టంలో ఉంది.

ఎక్కడికి వెళ్లాలి?

జిల్లా కోర్టు ప్రాంగణంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ప్రధాన జిల్లా న్యాయమూర్తి దీనికి చైర్మన్, మరో న్యాయాధికారి కార్యదర్శి. అంత దూరం వెళ్లలేకపోతే మీ దగ్గర్లోని కోర్టులో మండల న్యాయ సేవాధికార కమిటీని అడగండి. తెల్లకాగితం మీద అర్జీ చాలు. రాయడం రాకపోతే నోటితో చెప్పండి, అక్కడివాళ్లే రాసుకుంటారు.

క్రిమినల్ కేసుల కోసం 2022లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ అనే ప్రత్యేక పద్ధతి వచ్చింది. ఇందులోని లాయర్లు నిందితుల తరఫున వాదించడానికే పూర్తికాలం పనిచేస్తారు, బయట ప్రైవేటు కేసులు తీసుకోరు. అరెస్టుకు ముందు సలహా దగ్గర్నుంచి బెయిల్, విచారణ, అప్పీలు దాకా చూస్తారు. "ఉచిత లాయర్ అంటే మనసు పెట్టి చూస్తాడా?" అని చాలామంది అడుగుతుంటారు. రోజూ క్రిమినల్ కోర్టులోనే ఉండే లాయర్‌కు బెయిల్ పని కొత్త కాదు. లాయర్ పట్టించుకోకపోతే, లేదా డబ్బు అడిగితే, కార్యదర్శికి రాసిచ్చి మార్చమని కోరవచ్చు. ఈ లాయర్లు మీ దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు.

వెళ్లేటప్పుడు నోటీసు, ఎఫ్‌ఐఆర్ నంబర్ తెలిస్తే అది, ఆధార్, కుల ధ్రువపత్రం ఉంటే అది, బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకెళ్లండి. ముఖ్యంగా మీ ఫోన్. భయంతో మెసేజ్‌లు తుడిచేయకండి. సాక్ష్యం మాయం చేయడం ఇంకో నేరం అవుతుంది. పైగా "లోన్ వస్తుంది, ఖాతా ఇవ్వు" అని వాడు పంపిన మెసేజే మీరు మోసపోయారని చెప్పే ఆధారం కావచ్చు. మోసం చేయాలన్న ఉద్దేశం మీకు ఉందా లేదా అన్నదే ఈ కేసుల్లో అసలు ప్రశ్న. ఖాతా ఎలా ఇచ్చారు, ఎంత తీసుకున్నారు అన్నది లాయర్‌కు దాచకుండా చెప్పండి. మీరు చెప్పినది ఆయన బయటపెట్టకూడదు.

సెక్షన్లు కూడా చూపించండి. ఐటీ చట్టం 66సి, 66డి మాత్రమే ఉంటే అవి బెయిలబుల్, గరిష్ఠ శిక్ష మూడేళ్లు. కానీ వాటితో పాటు భారతీయ న్యాయ సంహిత 318(4) మోసం సెక్షన్ పెడితే అది నాన్ బెయిలబుల్, ఏడేళ్ల దాకా శిక్ష. చేయాల్సిన పని దీన్ని బట్టి మారిపోతుంది.

అరెస్టు చేస్తే?

ఎందుకు అరెస్టు చేస్తున్నారో మీకు చెప్పాలి, మీ ఇంట్లోవాళ్లకు తెలియజేయాలి. ప్రయాణ సమయం కాకుండా 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. అక్కడ "నాకు లాయర్ లేరు, కావాలి" అని గట్టిగా చెప్పండి. విచారణ సమయంలో లాయర్‌ను కలిసే హక్కు మీకుంది. ఖాళీ కాగితాల మీద, చదవడం రాని భాషలో రాసిన కాగితాల మీద సంతకం చేయకండి. పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని చట్టమే చెబుతోంది.

కేసు వేరే రాష్ట్రంలో ఉంటే?

ఈ కేసుల్లో ఇది మామూలే. అరెస్టు భయం ఉంటే, ఆ రాష్ట్ర కోర్టుకు వెళ్లేదాకా గడువు ఇమ్మని ఇక్కడి సెషన్స్ కోర్టులో గానీ హైకోర్టులో గానీ ముందస్తు బెయిల్ అడగవచ్చని సుప్రీంకోర్టు 2023లో ప్రియా ఇండోరియా కేసులో చెప్పింది. అక్కడి లాయర్ కోసం కూడా మీ జిల్లా సంస్థనే అడగండి. న్యాయ సేవాధికార సంస్థలు అన్ని రాష్ట్రాల్లోనూ ఉన్నాయి.

ఫ్రీజ్ అయిన ఖాతా సంగతికొస్తే, ఏ స్టేషన్ వాళ్లు, ఏ ఫిర్యాదు మీద, ఎంత మొత్తానికి ఆపారో బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపి, మిగతాది వదలమని లాయర్ ద్వారా కోర్టును కోరవచ్చు. ఈలోగా పథకాల డబ్బు వేరే ఖాతాలో పడేలా ఆధార్ లింక్ మార్పించుకోవచ్చేమో బ్యాంకులో అడగండి.

ప్రైవేటు లాయర్‌నే పెట్టుకుంటే?

అది మీ ఇష్టం. బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ నంబర్ అడగండి, క్రిమినల్ కోర్టులో వాదిస్తారో లేదో కనుక్కోండి, ఫీజు ముందే మాట్లాడుకుని రసీదు తీసుకోండి. "బెయిల్ గ్యారంటీ", "ఖాతా రేపే అన్‌ఫ్రీజ్ చేయిస్తాం" అని వాళ్లంతట వాళ్లే ఫోన్ చేసేవాళ్లను నమ్మకండి. లాయర్లు కేసుల కోసం ప్రచారం చేసుకోకూడదని, కక్షిదారుల వెంట పడకూడదని బార్ కౌన్సిల్ నిబంధన. ఒకసారి మోసపోయినవాళ్ల నంబర్లు పట్టుకుని రెండోసారి మోసం చేసేవాళ్లూ ఉన్నారు.

ఉచిత న్యాయ సహాయం: 15100
ఆన్‌లైన్‌లో డబ్బు పోతే: 1930